మన ఆది

పోయిన నెల సుబ్బారావు గారు వచ్చారు. ముందు ఫోను లేదు, కబురు లేదు. భూపాలపల్లి బస్టాండు వెనక నా మెస్సులో మొదటి పంక్తి కూర్చునే వేళకు, గడప దగ్గర ఒక పెద్దమనిషి చెప్పులు విడిచి, వాటిని గోడవారగా జతగా పెట్టి, మళ్లీ వంగి సరిచేస్తున్నాడు. మెస్సులోకి వస్తూ చెప్పులు విడిచే మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. గరిటె పప్పులోనే వదిలేసి బయటికి వచ్చాను. జుట్టంతా పోయింది. మీసం ఒక్కటే ఇల్లు ఖాళీ చేయని కిరాయిదారులా అక్కడే ఉంది.

"భోజనం ఉందా యాకమ్మా?"

"ఉన్నది గని మీకు పెట్ట సార్. తిన్నంక పప్పుల ఉప్పెక్కువైందంటరు."

"తినకుండానే చెబుతున్నా. ఎక్కువే అయ్యుంటుంది" అంటూ లోపలికి వచ్చారు. నిజంగానే ఎక్కువైంది. కానీ ఆ రోజు మిగతావాళ్లెవరూ అనలేదు కాబట్టి నేను ఒప్పుకోలేదు.

తిని, చేయి కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ గోడ అర మీది జాడిని చూశారు. గోధుమరంగు జాడి, మూతి నలుపు, ఒక చెవి విరిగింది. "ఇది ఇంకా ఉందా?" అన్నారు, చచ్చిపోయాడనుకున్న మనిషి ఎదురైనట్టు. ఉంది అన్నాను. అప్పుడు ఉంది. ఇప్పుడు ఆ అర మీద దాని గుండ్రటి మచ్చ ఒక్కటే ఉంది. పదిహేనేళ్లుగా ఉప్పు పోసుకున్న జాడి ఎక్కడికి పోయిందో చెప్పాలంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. కొంచెం పొడుగవుతుంది. నేను ఏడో తరగతిలో బడి మానేసిన మనిషిని. నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలించుకుందో ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు గానీ, ఎక్కడ ఆపాలన్న పాఠం చెప్పిన రోజు మాత్రం నేను కచ్చితంగా బడిలో లేను.

మాది జనగామ దాటి తొర్రూరు తొవ్వలో ఒక ఊరు. రెండు గదుల పెంకుటిల్లు, ముందు చిన్న వాకిలి, వాకిట్లో రోలు, రోలు పక్కన మా అవ్వ. అవ్వ అంటే బాపు తల్లి, మా నాయనమ్మ. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోతే నన్ను పెంచింది ఆమే. ఇంట్లో ఆమె ఎక్కువ కదిలిందో రోలు ఎక్కువ కదిలిందో చెప్పడం కష్టం, ఎందుకంటే ఎప్పుడు చూసినా ఇద్దరూ అక్కడే ఉండేవారు. కోడి కూయకముందే ఆమె దగ్గు లేచేది. దగ్గు వెనక ఆమె లేచేది. కందికట్టెతో పొయ్యి అంటించి, ఆ నిప్పుతోనే చుట్ట అంటించి, రెండు పొగల మధ్య కూర్చుని ఆ రోజు ఎవరెవరిని తిట్టాలో మనసులో వరుస పెట్టుకునేది. సగం కాల్చిన చుట్టను ఆర్పి కొప్పులో దోపుకునేది. మరిచిపోయి ఇల్లంతా వెతికేది. "నా సుట్ట ఎవలు తీసిన్రే?" అని అరిచేది. "నెత్తి మీద ఉన్నదే అవ్వా" అంటే, "నెత్తి మీద ఉన్నది నువ్వు. సుట్ట ఎక్కడున్నదో చెప్పు" అనేది.

మా ఇంట్లో ప్రేమ అనే మాట ఎవరూ వాడలేదు. అది పుస్తకాల్లో ఉంటుందనీ, పుస్తకాలు బడిలో ఉంటాయనీ అనుకునేవాళ్లం. మాకు ఉన్నది ఎక్కిరింత. తొర్రూరు మార్కెట్లో హమాలీ పని చేసి పొద్దుగూకే వేళ బాపు వస్తే, "వచ్చినవా దొరా, గుర్రం ఏది?" అనేది అవ్వ. "గుర్రం అలిసింది, నేనే మోసుకొచ్చిన" అనేవాడు బాపు, వీపు తుడుచుకుంటూ. అన్నం కంటే ముందు మాట పడేది పళ్లెంలో. చలికాలంలో పచ్చి చింతకాయలు వచ్చినప్పుడు వాకిలంతా పులుపు వాసన. ఉప్పు, పసుపు వేసి అవ్వ దంచుతుంటే, ఆ దెబ్బకో తిట్టు, ఆ తిట్టుకో నవ్వు. ఆ తొక్కును జాడిలో కుక్కి, మూతికి బట్ట కట్టి, అటక మీద పెట్టేది. ఏడాదంతా ఎల్లిపాయ పోపు పెట్టుకుని తినేవాళ్లం. నా నోరు ఆ తొక్కుతోనే తయారైందని మా ఊళ్లో అనేవారు. నిజమే కావచ్చు.

రెండేళ్లు వరుసగా వానలు మొఖం చాటేశాయి. బాపుకు నడుము పట్టింది. అప్పుడు మానుకోటలో ఉండే మా మేనమామ ఒక పని చూశాడు. భూపాలపల్లిలో కరెంటు ప్లాంటు కడుతున్నారు, అక్కడి క్యాంటీన్‌లో వంటకు మనిషి కావాలట. మానుకోట అంటే మహబూబాబాదే. బోర్డు మీద ఒక పేరు, నోట్లో ఒక పేరు. నేను పోతానన్నాను. అవ్వ చుట్ట కొప్పులోంచి తీసి, నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"నువ్వా? తొర్రూరు సంతకు పోయి సాయంత్రానికి నన్ను యాది జేసుకొని ఏడిసినదానివి."

"అప్పుడు ఆరేండ్లే అవ్వా!"

"ఇప్పుడు నోరు పెరిగింది, గంతే." లోపలికి వెళ్లి అటక మీది జాడి దింపింది. నిండుగా తొక్కు. తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "పందెం కడ్తవా? గీ జాడి ఒడిసేలోపు మూట సదురుకొని తిరిగొస్తవ్ నువ్వు."

"రాకుంటే?"

"నేను సుట్ట బంద్ జేస్త."

వాకిట్లో ఉన్న బాపు తలెత్తి చూశాడు. అవ్వ చుట్ట మానడమంటే మామూలు మాట కాదు.

"మరి నువ్వు ముందుగాల్నే వస్తే?" అంది అవ్వ. "ఏడాది దాక ఎక్కిరిచ్చుడు బంద్. ఎవలేమన్నా అవునంటే అవును, కాదంటే కాదు. మంచి పిల్లలెక్క."

చేయి చాపాను. పందెం అయిపోయింది. మరునాడు తొర్రూరులో బస్సెక్కి, హన్మకొండలో మారి, పరకాల మీదుగా భూపాలపల్లి దాకా ఆ జాడిని ఒళ్లో పెట్టుకునే పోయాను. పక్కన కూర్చున్న ఆమె "బిడ్డనా?" అని అడిగి, కొంగు తొలగించి చూసి, మిగతా తొవ్వంతా నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు భూపాలపల్లి నా ఊరు. అప్పుడు మాత్రం దిగగానే ఇదేం ఊరని అనిపించింది. గని సైరను మోగితే జనం కదిలేవారు, మళ్లీ మోగితే ఆగేవారు. రోడ్డు మీద బొగ్గు లారీలు, ఆరేసిన బట్టల మీద బొగ్గు ధూళి. ఊరికి ఒక పక్క అడవి, ఒక పక్క గని, మధ్యలో నేనూ నా జాడీ. క్యాంటీన్‌ను నడిపే కాంట్రాక్టరు ఎక్కడో ఉండేవాడు. ఇక్కడ మేనేజరు సుబ్బారావు గారు, గోదావరి ఒడ్డు మనిషి. చెడ్డవారు కాదు. అన్నీ వరుసలో ఉండాలి ఆయనకు. గరిటెలు వరుసలో, టమాటాలు వరుసలో, మనుషులు వరుసలో. నేను ఏ వరుసలోనూ పట్టలేదు.

పని కష్టం కాదు. కష్టం వేరే ఉంది. నేను జోకు వేస్తే ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే ఎవరికీ అర్థం కాలేదు. "గిదేంది సార్, గీ సాంబారు చూస్తే పెండ్లాం అలిగి పోయిన మొగోని లెక్కున్నది" అంటే, ఇంజనీరు బాబులు ఒకరి మొఖం ఒకరు చూసుకుని, "ఏమందిరా? తెలుగులో చెప్పమ్మా" అనేవారు. తెలుగులో చెప్పమంటే ఇంకేం చెప్పను? అప్పటిదాకా నేను మాట్లాడింది తెలుగే అనుకున్నాను. ఒకడైతే నేను "ఎట్ల" అన్నప్పుడల్లా సినిమాల్లో పనిమనిషి గొంతు పెట్టి "ఎట్టెట్టా?" అనేవాడు. మా దిక్కు మనుషులు చాలామందే పనిచేసేవారు గానీ, వాళ్లది రెండో పంక్తి. తినడానికి వచ్చేసరికి అలసిపోయి ఉండేవారు. జోకును విప్పి, అర్థం చెప్పి, మళ్లీ మడత పెట్టి ఇచ్చేసరికి అందులో ఏం మిగులుతుంది? వారం తిరిగేసరికి అడిగినదానికి అవును, కాదు అని మాత్రమే చెబుతున్నాను. మంచి పిల్లలాగ. అప్పుడు తట్టింది నాకు. పందెం ఓడితే పడాల్సిన శిక్ష, ఓడకుండానే పడుతున్నాను.

పొద్దున లేస్తే మొదట చెవి వెతికేది అవ్వ దగ్గును. దగ్గు లేని తెల్లవారడం ఒక తెల్లవారడమా? గ్యాస్ పొయ్యి మంటకు వాసన లేదు. అన్నం దించితే కందికట్టె పొగ ఏదని ముక్కు అడిగేది. నాతో పాటు రొట్టెలు చేసే చాంద్‌బీ అక్క ఒక్కతే నన్ను కనిపెట్టింది. ఆమెది డోర్నకల్. రైళ్ల కూత వింటూ పెరిగిన మనిషి. ఇక్కడి సైరను విని రైలనుకుని మొదట్లో రోజూ లేచి నిలబడేదట. "తూ చుప్ హోగయీ రే" అనేది. "జర మాట్లాడు యాకమ్మా. నువ్వు గట్ల సప్పుడు జెయ్యకుంటె నాకు పరేషాన్ అయితది."

అప్పుడు నా బుర్రకు ఒక దొంగ ఉపాయం తట్టింది. జాడి ఒడిసేదాకా, అంటే తొక్కు అయిపోయేదాకా, పోకూడదు, అంతే కదా? అయితే ఒడగొడితే సరి. మూడు పూటలా తొక్కే తిన్నాను. ఇడ్లీతో తొక్కు, చాయలో రొట్టె ముంచుకుంటే పక్కన తొక్కు. కడుపులో మంట పుట్టింది, నాలుక పొట్టు లేచింది. చాంద్‌బీ అక్కకు గిన్నెల కొద్దీ పెట్టాను. జాడి సగానికి దిగింది. గెలిచినంత సంబరంగా మా ఊరి కిరాణా కొట్టుకు ఫోను చేసి అవ్వను పిలిపించాను. "అవ్వా, తొక్కు ఒడిసేతట్టే ఉన్నది!" అన్నాను.

"అయ్యో బిడ్డా" అంది అవ్వ, పాలు పొంగినంత ప్రేమగా. నేను అక్కడే అనుమానపడాల్సింది.

మూడో రోజు హన్మకొండ బస్సు కండక్టరు ఒక డబ్బా తెచ్చి క్యాంటీన్ గేటులో ఇచ్చాడు. "మీ అవ్వ పంపింది. జాడిల నింపుకోవాల్నంట. ఒడిసిందని మొత్తుకుంటున్నవంట గదా" అన్నాడు. డబ్బా మూత తీస్తే నిండా తొక్కు, దాని మీద ఒక చుట్ట ముక్క. పొరపాటున పడిందో, ఎక్కిరించడానికి వేసిందో ఆమెకే తెలియాలి. జాడి మళ్లీ అంచుదాకా నిండింది. పందెం కట్టినప్పుడు నింపకూడదన్న షరతు పెట్టాలని నాకు తోచలేదు. చూశారా, చదువు లేకపోతే ఇట్లాగే ఉంటుంది.

ఆ డబ్బా వచ్చిన మూడు రోజులకు నేను ఓడిపోయాను. నోరు పోతే పోయింది, ఇంటికి పోతానని తేల్చుకున్నాను. మూట కట్టి సుబ్బారావు గారి గదికి వెళ్లాను. ఆయన రబ్బరు ముద్రలు వరుసగా పెట్టుకుంటున్నారు.

మా దిక్కు ఇంటి మీద, మనుషుల మీద మనసు పీకి, తిన్నది ఒంటబట్టక, కూర్చున్న చోట కుదురు లేకపోతే దాన్ని మనాది అంటాం. జ్వరం వచ్చిందన్నంత మామూలుగా మనాదైంది అంటాం. ఇంకో మాట నాకు రాదు. అదే అన్నాను.

"సార్, మనాదైంది. ఇంటికి పోత."

ఆయన ముద్ర పక్కన పెట్టారు. "మన ఆదా? అయ్యయ్యో. ఏమైందమ్మా ఆదికి?"

నాకు అర్థం కాలేదు. "మనాది సార్."

"అదేనమ్మా, మీ ఆదే. ఒంట్లో బాగోలేదా? ఎప్పటి నుంచి?"

నెల నుంచి నిద్రపోతున్నదేదో నాలో ఒక కన్ను తెరిచింది. "ఇక్కడికి వచ్చినకాన్నుంచి సార్" అన్నాను.

"నిన్ను చూడక బెంగపెట్టుకున్నాడన్నమాట. పాపం. ఏం చేస్తుంటాడు?"

"ఏం జెయ్యడు సార్. ఉత్తగనే వచ్చి మీద కూసుంటడు."

"చిన్నపిల్లాడా?"

"లే సార్. రోజురోజుకు పెద్దగైతుండు."

ఆయన కళ్లు తడయ్యాయి. నిజంగానే. సెలవు చీటీ రాసి, కారణం అని ఉన్నచోట ఆదికి అనారోగ్యం అని గుండ్రటి అక్షరాలతో రాశారు. రెండు అరటిపళ్లు ఇచ్చి, "ఆదికి ఇవ్వు" అన్నారు. నేను పెదవి కొరుక్కుని బయటపడ్డాను.

బస్టాండు దాకా దిగబెట్టడానికి చాంద్‌బీ అక్క వచ్చింది. చీటీ చేతికిచ్చి చదవమన్నాను. ఆమె నాకంటే రెండు తరగతులు ఎక్కువ చదివింది.

"ఆది? ఏ ఆది కౌన్ రే?"

జరిగింది చెప్పాను. మొదట ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. అరటిపళ్ల దాకా వచ్చేసరికి కొంగు పని చేయలేదు. బెంచీ మీది నుంచి కిందికి జారి, కడుపు పట్టుకుని, "అరె బస్ కర్, మర్ జాతూం" అని, ఇక ఆపు చస్తానంటూ నేల మీద చేత్తో కొట్టింది. ఆమెను చూసి నేను. నెల రోజుల నవ్వు ఒక్కసారే వచ్చింది. హన్మకొండ బస్సు వచ్చింది, కండక్టరు మా వంక చూశాడు, బస్సు పోయింది. నవ్వు ఆగేసరికి బస్టాండు ఖాళీ. ఆది అరటిపళ్లు చెరొకటీ తిని, మూట నెత్తిన పెట్టుకుని వెనక్కి వచ్చేశాం.

మరునాడు పొద్దున నన్ను చూసి సుబ్బారావు గారు కంగారుపడ్డారు. "వెళ్లలేదా? ఆదికి ఎలా ఉంది?"

"జర నయం సార్. పండు తిన్నడు."

ఆ రోజు నుంచి క్యాంటీన్‌లో ఆది పుట్టాడు. రెండో పంక్తి వాళ్లకు ఈ కథ చెప్పాను. జనగామ వాళ్లు, మానుకోట వాళ్లు, గంగారం అడవి నుంచి వచ్చినవాళ్లు, అందరికీ మనాది అంటే ఏమిటో తెలుసు. అందరికీ ఉంది. చెప్పుకోవడానికి సిగ్గు. ఇప్పుడు దానికి ఒక పేరూ, కాళ్లూ చేతులూ వచ్చాయి. ఒకడు పళ్లెం పట్టుకుని వచ్చి, "యాకమ్మా, ఇయ్యాల ఆది నా దగ్గరకొచ్చిండు. అన్నం తిననియ్యలే" అనేవాడు. "గట్లనా? మొన్న నా దగ్గర ఉండి నా చెద్దరు గుంజుకపోయిండు, అడుగు జర" అనేదాన్ని. ఆది మేకపోతును మింగాడు. ఆది గని సైరను మూతి మూసేశాడు. ఆది బస్సుకు అడ్డం పడుకున్నాడు. నవ్వుకు నవ్వు, కానీ ఇంటి మీద గుబులైనవాడు ఆ రోజు ఒంటరిగా తినేవాడు కాదు. సుబ్బారావు గారు మాత్రం రోజూ క్షేమం అడిగేవారు. పండక్కి ఆదికి చొక్కా గుడ్డ కూడా కొన్నారు. అప్పుడు మొదటిసారి నాకు కడుపులో తొక్కు మంట కానిదేదో మంట పుట్టింది. చెప్పేద్దామనుకున్నాను. ఇవాళ, రేపు అంటూ దాటేశాను.

అవి రాష్ట్రం కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీదికి వచ్చిన రోజులు. గనులు ఆగాయి, బళ్లు మూతపడ్డాయి, చివరికి బస్సులూ ఆగాయి. బస్సులు ఆగితే కండక్టరు రాడు. కండక్టరు రాకపోతే అవ్వ నెలనెలా పంపే డబ్బా రాదు. భూపాలపల్లిలో మా జాడి ఒక్కో వేలెడు దిగుతూ వస్తుంటే, తొర్రూరు దిక్కు మా అవ్వ నిండు డబ్బాతో రోడ్డు మీద కూర్చుని సమ్మెను తిడుతోందట. మళ్లీ ఊరేగింపు వస్తే లేచి జై తెలంగాణ అంటోందట. బాపు ఫోనులో చెప్పాడు.

ఒక రోజు ఊరి పెద్దరోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండి కదలనివ్వకపోవడం. క్యాంటీన్ మూసి ఉంది. నేను, చాంద్‌బీ అక్క గరిటెలు భుజాన వేసుకుని పోయాం. ఎక్కడో దొరికిన కందికట్టె పొయ్యిలో పెట్టారు. ఆ పొగ ముక్కుకు తగిలేసరికి నిలబడిపోయాను. పెద్దరోడ్డంతా మా వాకిలి వాసన. బగారన్నం దించాం, పచ్చిపులుసు కలిపాం. అడుగున నాలుగు పిడికిళ్లు మిగిలిన మా జాడిని కూడా తెచ్చి పెట్టాను. పంక్తులు కూర్చున్నాయి. అప్పుడు రెండో పంక్తి వాళ్లే అరిచారు. "యాకమ్మా, మైకుల ఆది కథ చెప్పు!"

మైకు పట్టుకోవడం అదే మొదటిసారి. నా గొంతు నాకే రోడ్డు అవతలి నుంచి వినిపించింది. మొదలుపెట్టాను. సెలవు చీటీ, అరటిపళ్లు, మేకపోతు. రోడ్డు రోడ్డంతా ఊగిపోయింది. ఎవరూ తెలుగులో చెప్పమనలేదు. ఒక్క మాట విప్పి చెప్పాల్సిన పని పడలేదు. అది నా గెలుపు అనుకుంటూ తలెత్తాను. చాయ కొట్టు ముందు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, సుబ్బారావు గారు నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

జనం నవ్వుతూనే ఉన్నారు. ఆయన నెమ్మదిగా నడిచి వచ్చి, పంక్తి చివర మట్టిలో కూర్చుని, విస్తరి తన ముందుకు లాక్కుని సరిగ్గా నిలువుగా పెట్టుకున్నారు. మైకు వదిలి, జాడి పట్టుకుని వెళ్లాను.

"అయితే ఆది లేడా యాకమ్మా?"

"తప్పయింది సార్. మనాది అంటే ఇంటి మీద బెంగ. మీరు చొక్కా గుడ్డ కొన్ననాడే చెప్పాల్సింది."

ఆయన విస్తరి వంకే చూశారు. పని పోయింది అనుకున్నాను. నేనొక్కదాన్ని కాదు, నవ్వినవాళ్లందరి పనీ పోతుందేమో అనుకున్నాను.

"ఎనిమిదేళ్లయిందమ్మా ఇల్లు వదిలి" అన్నారు. "ఆ గుడ్డ నేనే చొక్కా కుట్టించుకోనా? ఆది నా దగ్గరా ఉన్నాడు. పేరు తెలియక ఇన్నాళ్లూ గ్యాస్ అనుకున్నాను."

చాంద్‌బీ అక్క కొంగు మళ్లీ నోట్లోకి పోయింది. ఆయన మీసం కింద నవ్వు కదిలింది. జాడి అడుగున మిగిలిందంతా గీకి ఆయన విస్తట్లో వేశాను. ఒక్క ముద్ద తిని కళ్ల నీళ్లు పెట్టుకున్నారు. ఆదికో, పులుపుకో అడగలేదు. "ఉప్పెక్కువైంది" అన్నారు. చేతిలో జాడి తేలిగ్గా ఉంది. వంచి చూశాను. ఒడిసింది.

బస్సులు కదిలిన మొదటి రోజే ఆ ఖాళీ జాడిని ఒళ్లో పెట్టుకుని ఇంటికి పోయాను. వాకిట్లో దిగగానే దాన్ని బోర్లించి చూపించాను. అవ్వ నన్ను చూడలేదు, జాడిని లాక్కుంది. చెయ్యి మోచేతి దాకా లోపల పెట్టి, అంచులన్నీ తడిమి, వేలు బయటికి తీసి ఎండలో పెట్టి చూసింది.

"గిది ఏంది? గిది తొక్కు గాదా? ఒడువలే."

"అవ్వా, గది నీ గోరు సందుల మట్టి."

బాపు ఎన్నడూ లేనంత గట్టిగా నవ్వాడు. అవ్వ చుట్ట కొప్పులోంచి తీసి, దాని వంక కాసేపు చూసి, పొయ్యిలో వేసింది. మూడు రోజులు మానింది. నాలుగో రోజు, పందెంలో మళ్లీ మొదలుపెట్టకూడదన్న షరతు లేదంది.

"నువ్వు ముందుగాల్నే రావద్దనే గద నింపి నింపి పంపినవ్?" అని అడిగాను, పోయే రోజు.

"నోరున్నదానివి. గీ వాకిట్ల నోరు దాసుకుంటే ఏమొస్తది? రోడ్డు మీద పెట్టు" అంది. అంతకంటే ముద్దుగా ఆమె నాతో ఎన్నడూ మాట్లాడలేదు. ఈసారి జాడి ఖాళీగానే ఇచ్చి పంపింది. ఇక నీ తొక్కు నువ్వే దంచుకోమంది.

రాష్ట్రం వచ్చింది. అవ్వ అది చూసే పోయింది. ప్లాంటు పని అయ్యాక క్యాంటీన్ ఎత్తేశారు, సుబ్బారావు గారు బదిలీ మీద ఊళ్లు తిరిగి సొంతూరు చేరారు, చాంద్‌బీ అక్క డోర్నకల్ పోయి మనవళ్ల మీద కేకలేస్తోంది. నేను ఇక్కడే మెస్సు పెట్టాను. ఇప్పుడు నా దగ్గర తినే పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. తింటూనే ఫోనులో అమ్మకు పళ్లెం చూపిస్తారు. గుబులు పుట్టకముందే బొమ్మ కనబడుతుంది. మంచిదే. కానీ ఫోను పెట్టేశాక వాళ్ల మొఖాలు నేను చూస్తాను కదా, ఆది చార్జింగు పెట్టుకుని కూర్చున్నాడని తెలుస్తుంది. మా దిక్కు మాట మాత్రం ఇప్పుడు టీవీలో వస్తుంది, సినిమాలో హీరోయినే మాట్లాడుతుంది. కిందటి వారం విజయవాడ పిల్లాడొకడు "అక్కా, జర తొక్కు ఎయ్యవా?" అన్నాడు. రెండు చెంచాలు ఎక్కువే వేశాను.

ఆ రోజు సుబ్బారావు గారిని బస్సు ఎక్కించడానికి నేనే వెళ్లాను. బస్సు ఆలస్యం. బెంచీ మీద కూర్చుని, చేతిసంచీ కొసలు సమానం చేస్తూ అన్నారు. "ఇంటి దగ్గర అంతా బాగుందమ్మా. గోదారి గట్టున సాయంత్రం నడక, మనవరాలి పాట, ఏ లోటూ లేదు. కానీ ఆది వస్తున్నాడు."

"ఎక్కడికెల్లి సార్?"

"ఇక్కడి నుంచే. భూపాలపల్లి నుంచి."

"ఉండుండ్రి సార్" అని మెస్సుకు ఉరికాను. జాడిలోని ఉప్పు డబ్బాలో కుమ్మరించి, కడిగి, తుడిచి, కొత్త తొక్కు నింపి, మూతికి బట్ట కట్టి తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను.

"పందెం సార్. గిది ఒడిసినంక ఖాళీ జాడి మీరే పట్టుకొని రావాలె. ఒడువకముందు వస్తే, మీరు బతికున్నన్ని రోజులు నా పప్పుకు పేరు పెట్టొద్దు."

"అది నా వల్ల కాదమ్మా" అన్నారు భయంగా, జాడిని రెండు చేతులా పట్టుకుని. బస్సు కదిలేదాకా కిటికీలోంచి ఆ విరిగిన చెవి కనిపించింది.

నిన్న ఫోను చేశారు. మూడు పూటలా తొక్కే తింటున్నారట. ఇడ్లీలోకి కూడా. కడుపు మండుతోందట, మనవరాలు తిడుతోందట, అయినా సగానికి దించారట. "ఒడిసేటట్టే ఉంది యాకమ్మా" అన్నారు, మా మాటలోనే.

బస్సులు బాగానే తిరుగుతున్నాయి. కండక్టర్లంతా నాకు తెలిసినవాళ్లే. కానీ నేను మా అవ్వను కాను. నింపి పంపను.